రాసినట్టు వాయించనివాళ్ళు: మాంగా, యానిమేల్లో శాస్త్రీయ సంగీతకారులు

జపాన్ మాంగాల్లో, అంటే అక్కడి బొమ్మల కథల్లో, శాస్త్రీయ సంగీతం వాయించే కథానాయకులు చాలామంది ఒకే నేరం చేస్తారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించరు. లయ మార్చేస్తారు, మధ్యలో ఆపేస్తారు, స్వరకర్త రాయని ముక్కలు కలుపుతారు. న్యాయనిర్ణేతలు మొహం మాడ్చుకుంటారు, హాల్లో జనం మాత్రం ఊగిపోతారు. కథ మారినా, వాయిద్యం మారినా ఈ సన్నివేశం ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్ళకి ఇందులో నేరమేముందో వెంటనే బోధపడకపోవచ్చు. మన కచేరీలో మనోధర్మం చూపించకపోతేనే తప్పు. కృతి అదే అయినా నిన్నటి నెరవు ఇవాళ మళ్ళీ వినిపిస్తే రసికులు పెదవి విరుస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో, అందులోనూ ఇప్పుడు కాలేజీల్లో నేర్పే పద్ధతిలో, లెక్క వేరు. షోపాన్ ఏ స్వరం రాశాడు, ఎక్కడ నెమ్మదించమన్నాడు, ఎక్కడ గట్టిగా మోగించమన్నాడు, అంతా స్కోరులో, అంటే రాసిపెట్టిన స్వరలిపిలో, ఉంటుంది. వాయించేవాడి స్వేచ్ఛ ఆ గుర్తుల మధ్య మిగిలిన జాగాలోనే. పోటీల్లోనైతే ఆ జాగా ఇంకా ఇరుకు.

ఈ ఇరుకునే కథగా మార్చిన వాటిలో బాగా పేరున్నది నవోషి అరాకవా మాంగా 'షిగాత్సు వా కిమి నో ఉసో'. మన దగ్గర యానిమే (జపాన్ యానిమేషన్) చూసేవాళ్ళకి 'యువర్ లై ఇన్ ఏప్రిల్' అంటే తెలుస్తుంది. మాంగా 2011 నుంచి 2015 దాకా వచ్చింది, 22 ఎపిసోడ్ల యానిమే 2014-15లో ప్రసారమైంది. ఇందులో అరిమా కోసే అనే కుర్రాడు చిన్నప్పుడే పోటీలన్నీ గెలిచేస్తాడు. జబ్బుతో ఉన్న తల్లి వాణ్ణి కొట్టి మరీ సాధన చేయిస్తుంది. స్కోరులో ఒక్క గుర్తు కూడా వదలడు కాబట్టి తోటి పిల్లలు వాణ్ణి 'మనిషి మెట్రోనోమ్' అంటారు (మెట్రోనోమ్ అంటే టిక్కుటిక్కుమని లయ కొట్టే యంత్రం). తల్లి పోయాక ఒక పోటీలో వేదిక మీదే కుప్పకూలిపోతాడు. అప్పట్నుంచి వాయించడం మొదలుపెట్టిన కాసేపటికి తన పియానో తనకే వినిపించదు.

వాడి జీవితంలోకి కావోరి అనే వయొలిన్ అమ్మాయి వస్తుంది. పోటీలో బీథోవెన్ 'క్రూట్జర్' సొనాటాని తన ఇష్టం వచ్చిన వేగంతో వాయిస్తుంది. పక్కన పియానో వాయించేవాడు ఆమె వెనక పరుగెత్తాల్సిన పరిస్థితి. తర్వాతి రౌండుకి కోసేనే పియానో మీద కూర్చోబెడుతుంది. సాఁ-సాన్స్ రచన మధ్యలో కోసేకి స్వరాలు వినపడక చేతులు ఆగిపోతాయి. ఆమె కూడా కావాలనే ఆపేస్తుంది. పోటీలో ఆపడమంటే మార్కులు వదిలేసుకోవడమే. అయినా మళ్ళీ మొదలుపెడదాం రమ్మంటుంది.

కోసే మీద పడిన ఆ 'మెట్రోనోమ్' అనే మాట అరాకవా గాల్లోంచి తీసుకున్నది కాదు. జపాన్ వాద్యకారులు పాశ్చాత్య దేశాల్లో ఎన్నో ఏళ్ళు విన్న నింద అది: వేళ్ళు అద్భుతం, మనసు కనపడదు. ఆ నింద ఎంత అన్యాయమో చెప్పడానికి పియానిస్టు మిత్సుకో ఉచిదా ఒక్కరు చాలు. కానీ నింద బయట్నుంచి మాత్రమే వచ్చి ఉంటే మాంగాకి అంత ముడిసరుకు అయ్యేది కాదు. పాఠకుల ఇళ్ళల్లోనే దానికి ఆధారం ఉంది.

జపాన్ పాశ్చాత్య సంగీతాన్ని చాలా పద్ధతిగా, దాదాపు ఒక ప్రభుత్వ కార్యక్రమంలా నేర్చుకుంది. టోక్యో సంగీత పాఠశాల 1887లో మొదలైంది. అదే ఏడాది తొరాకుసు యమహా అనే ఆయన హమమత్సులో పాడైన రీడ్ ఆర్గన్ ఒకటి బాగుచేశాడు. ఆ పనిలోంచి పుట్టిన కంపెనీ 1900లో మొదటి పియానో చేసింది, 1954లో పిల్లలకి సంగీతం క్లాసులు మొదలుపెట్టింది. షినిచి సుజుకి మాతృభాష వచ్చినట్టే వయొలిన్ కూడా ఏ బిడ్డకైనా వస్తుందని వాదించి ఒక పద్ధతి తయారుచేశాడు. 1964లో ఆయన శిష్యులైన పిల్లలు అమెరికా వెళ్ళి వాయిస్తే అక్కడి టీచర్లు నోరు తెరుచుకుని చూశారు. యుద్ధం తర్వాత పెరిగిన మధ్యతరగతి ఇళ్ళల్లో గోడకి ఆనించిన పియానో, దాని మీద లేసు గుడ్డ, వారానికోసారి క్లాసు, ఏడాదికోసారి ప్రదర్శన, ఇవి మామూలైపోయాయి.

ఈ మాంగాలు చదివినవాళ్ళలో చాలామంది అలా వారానికోసారి క్లాసుకి వెళ్ళి, హైస్కూలు దాటేసరికి మానేసినవాళ్ళే. తప్పు స్వరం పడగానే టీచరు మొహం ఎలా మారుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కోసే వేదిక మీద ఆగిపోయినప్పుడు వాళ్ళకి గుర్తొచ్చేది షోపాన్ కాదు, వాళ్ళ పాత టెన్షన్.

మకోతో ఇష్షికి 'పియానో నో మోరి' ఇదే గొడవని ఇంకా పెద్ద మైదానానికి తీసుకెళ్ళింది. 1998లో మొదలై 2015లో ముగిసిన మాంగా ఇది, 26 సంపుటాలు. బార్లూ వేశ్యావాటికలూ ఉండే వీధిలో పెరిగిన ఇచినోసె కాయ్ అడవిలో పారేసిన పియానో మీద తనంతట తానే వాయించడం నేర్చుకుంటాడు. ఆ పియానో ఇంకెవరు నొక్కినా పలకదు. వాడి పక్కన అమమియా షూహే ఉంటాడు: పేరున్న పియానిస్టు కొడుకు, రోజంతా సాధన, ఒక్క తప్పూ లేదు, సంతోషం కూడా లేదు. ఇద్దరూ చివరికి వార్సాలో షోపాన్ పోటీకి చేరతారు. 1927లో మొదలై, మామూలుగా ఐదేళ్ళకోసారి జరిగే నిజమైన పోటీ అది. కథలో కాయ్ మొదటి బహుమతి గెలుస్తాడు.

వాస్తవంలో ఇప్పటిదాకా జపాన్ పియానిస్టులెవరూ అక్కడ మొదటి స్థానంలో నిలవలేదు. ఉచిదా 1970లో రెండో స్థానం దాకా వెళ్ళింది. కాబట్టి కాయ్ విజయం ఒక దేశం చాలాకాలంగా మనసులో పెట్టుకున్న కోరికని తీర్చింది. ఆ కోరిక తీర్చింది మంచి స్కూల్లో చదివిన అమమియా కాకుండా అడవి పిల్లాడు కావడంలో ఒక వ్యంగ్యం ఉంది. తన సంగీత విద్య మీద అంత ఖర్చు పెట్టిన సమాజం, ఆ విద్య అంటని కుర్రాణ్ణి తన కలల విజేతగా ఎంచుకుంది. 2018-19లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన యానిమేలో ఇంకో చిత్రం. కాయ్ గురువు అజినో ప్రమాదంలో చేతి సత్తువ పోగొట్టుకున్న మాజీ పియానిస్టు. ఆ పాత్ర వాయించే సంగీతాన్ని రికార్డు చేసింది క్యోహే సోరితా. 2021లో అదే సోరితా నిజం వార్సా పోటీలో రెండో బహుమతి పంచుకున్నాడు.

ఇక్కడిదాకా చూస్తే ఫార్ములా తేలిపోయినట్టే కనిపిస్తుంది: చదువు చెడ్డది, సహజ ప్రతిభ గొప్పది. అంతే అయితే ఈ కథల గురించి పెద్దగా మాట్లాడుకోవాల్సింది ఉండేది కాదు. తొమొకో నినోమియా 'నొడామే కాంటాబిలే' ఆ ఫార్ములాని వాడుకుంటూనే చివరికి దాన్ని తిరగేసింది.

2001లో మొదలైన ఈ మాంగాలో నోదా మెగుమి, అందరూ పిలిచే పేరు నొడామే, సంగీత కాలేజీ విద్యార్థిని. ఇల్లు చెత్తకుప్ప. ఒకసారి వింటే చాలు వాయించేస్తుంది, స్కోరు చదవాలంటే బద్ధకం. చిన్నపిల్లల స్కూల్లో టీచరవ్వాలన్నదే ఆమె ఆశ. పక్క ఫ్లాటులో చియాకి షినిచి ఉంటాడు. బాగా డబ్బున్న ఇంటివాడు, అన్నీ తెలిసినవాడు, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ కావాలన్నది కల. ఐరోపా వెళ్తేగానీ ఆ కల తీరదు, వాడికేమో విమానం అంటే చచ్చేంత భయం. జపాన్ కండక్టర్ల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇది కాస్త నవ్వు తెప్పిస్తుంది. సెయిజి ఒజావా 1959లో సరుకు ఓడెక్కి మరీ ఐరోపా వెళ్ళి, ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో బెజాన్సోన్ కండక్టర్ల పోటీ గెలిచాడు. చియాకికి ఓడలన్నా భయమే.

మొదటి సగంలో నొడామే అచ్చం కాయ్ అక్కలా ఉంటుంది. ఒక పోటీకి జ్వరంతో వెళ్తుంది, స్ట్రావిన్‌స్కీ 'పెత్రుష్కా' పూర్తిగా కంఠతా రాలేదు. దారిలో చెవిన పడిన టీవీ వంటల కార్యక్రమం ట్యూన్ వేదిక మీద మధ్యలో దూరిపోతుంది. మరచిపోయిన చోట తన సొంతంగా అల్లేసి ముగిస్తుంది. జనానికి ఆశ్చర్యం, బహుమతి లేదు. వేరే మాంగా అయితే ఇక్కడే న్యాయనిర్ణేతల మూర్ఖత్వం మీద నాలుగు మాటలనేసి వదిలేసేది. నినోమియా అలా వదల్లేదు. బహుమతి రాకపోవడం న్యాయమేనని కథ ఒప్పుకుంటుంది. తర్వాత నొడామేని పారిస్ కన్సర్వేటరీకి పంపించి, అనాలిసిస్ క్లాసులో కూర్చోబెడుతుంది. ఆ క్లాసులో తోటివాళ్ళు స్కోరు చూడగానే నిర్మాణం చెప్పేస్తుంటే ఆమెకి నోరు పెగలదు. ఇన్నాళ్ళూ స్వేచ్ఛ అనుకున్నది సగం అజ్ఞానమేనని అక్కడ తెలుస్తుంది. స్వరకర్త ఏం చెప్పాడో వినకుండా తన మాటే మాట్లాడుతూ వచ్చిందన్నమాట.

ఇంకా లోతైన దెబ్బ తర్వాత తగులుతుంది. చియాకితో వాయించాలని ఆమె కలగన్న రవేల్ కాన్చెర్తోని (ఆర్కెస్ట్రా తోడుగా పియానో వాయించే రచన) అతను వేరే పియానిస్టుతో వాయిస్తాడు, అదీ చాలా గొప్పగా. కొన్నాళ్ళకి ముసలి కండక్టర్ స్ట్రెసెమన్ నొడామేని లండన్‌లో షోపాన్ మొదటి కాన్చెర్తోతో ప్రపంచం ముందు నిలబెడతాడు. కచేరీ పెద్ద విజయం. ఆ వెంటనే ఆమె పారిపోతుంది. అంతకంటే బాగా ఇక ఎప్పటికీ వాయించలేనేమో అన్న భయం. మామూలుగా ఇలాంటి కథలు గొప్ప కచేరీతో ముగుస్తాయి, చప్పట్ల మోత మధ్య పుట మూసుకుంటుంది. మర్నాడు పొద్దున్న ఆ కళాకారిణి ఏం చేస్తుందో అడగాలని నినోమియాకి తోచింది. ఈ రకం మాంగాలన్నిటిలో ఇదే పెద్దరికం ఉన్న ప్రశ్న. పైగా పుస్తకం పొడుగునా నవ్విస్తూనే అడిగింది.

2006లో దీన్ని టీవీ సీరియల్‌గా తీసినప్పుడు బీథోవెన్ 7వ సింఫనీ దాని టైటిల్ సంగీతమైంది. అంతవరకు 5, 9 మాత్రమే తెలిసిన ఇళ్ళల్లోకి 7 కూడా వచ్చేసింది. ఎన్‌హెచ్‌కే సింఫనీలో ఓబో వాయించిన దాయిసుకె మోగి ఈ కథలోని రచనలతో 'నొడామే కాన్సర్టులు' నడిపాడు. మాంగా చదివి కచేరీకి వచ్చినవాళ్ళు తెర మీద వివరణలు చదువుకుంటూ వినేవాళ్ళు.

ఇంతకీ మాంగా కాగితం మీద చప్పుడు ఉండదు కదా. సంగీతం గురించిన కథ అక్కడ ఎలా నడుస్తుంది? ఈ సమస్యతో ముందుగా గట్టిగా కుస్తీ పట్టినవాళ్ళలో ఒసాము తెజుకా ఉన్నాడు. బీథోవెన్ జీవితం మీద 'లుడ్విగ్ బి' 1987లో మొదలుపెట్టి, 1989 ఫిబ్రవరిలో చనిపోయేనాటికి పూర్తిచేయలేకపోయాడు. అందులో సంగీతం ఆకారాలుగా మారుతుంది, పుట మీద గీతలు కట్టడాల్లా లేస్తాయి. తర్వాతివాళ్ళు అంత దూరం వెళ్ళలేదు. నినోమియా కచేరీ పుటల్లో చప్పుడు అక్షరాలు దాదాపుగా తీసేసింది. వంగిన భుజాలు, కండక్టర్ చెయ్యి, వినేవాడి కళ్ళు, అంతే. తలుపు కొట్టినా, అన్నం తిన్నా చప్పుడు అక్షరాలు పడే మాంగాలో కచేరీ మాత్రం నిశ్శబ్దంగా ఉండడం చదివేవాళ్ళని ఆపుతుంది. ఇష్షికి అడవిని హాల్లోకి తెస్తుంది. అరాకవా వాయించేవాడి లోపలి మాటల్ని పుటంతా పరుస్తాడు, ఒక్కోసారి మరీ ఎక్కువగా.

అందరూ చేసే పని ఒకటుంది: వినేవాళ్ళని గీయడం. ముందు వరుసలో ఎవరో కళ్ళు తుడుచుకుంటారు, ప్రత్యర్థి పిడికిలి బిగిస్తాడు, ముసలి న్యాయనిర్ణేత కలం కింద పెడతాడు. అవసరం కొద్దీ పుట్టిన ఉపాయమే గానీ దీనివల్ల ఈ కథల్లో ఒక విలువ స్థిరపడింది. సంగీతం ఎలా ఉందో తేల్చేది వినేవాడి మొహం. రాసినట్టు వాయించనివాళ్ళు ఈ కథల్లో గెలవడానికి సగం కారణం ఇదే. స్కోరుకి కట్టుబడి వాయించడాన్ని బొమ్మలో చూపించలేరు, ఏడుపుని చూపించగలరు.

యానిమేకి వచ్చేసరికి కష్టం తలకిందులవుతుంది. ఇప్పుడు నిజంగానే వినిపించాలి. 'వాడు మేధావి' అని పాత్ర అన్నంత మాత్రాన చాలదు, ప్రేక్షకుడి చెవి ఒప్పుకోవాలి. అందుకే స్టూడియోలు ఒక్కో పాత్రకి ఒక్కో వాద్యకారుణ్ణి పెట్టడం మొదలుపెట్టాయి. కోసే పియానో తొమొకి సకాతాది, కావోరి వయొలిన్ యూనా షినోహారాది. వాళ్ళ శరీర కదలికలు కూడా బొమ్మకి నమూనా అయ్యాయి. 2023లో వచ్చిన 'ఆవో నో ఆర్కెస్ట్రా'లో కథానాయకుడి తండ్రి ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు, ఇంటికి మాత్రం ద్రోహి. ఆ తండ్రి వాయించే వయొలిన్ హిలరీ హాన్ వాయించింది. నమ్మించడానికి అంతకంటే ఏం కావాలి! బొమ్మ మాత్రం అంత అదృష్టానికి నోచుకోలేదు. విల్లు పట్టిన చేతుల్ని చేత్తో గీయడం చాలా శ్రమ కాబట్టి వాయించే చోట్ల కంప్యూటర్ బొమ్మలు వస్తాయి, పాత్ర ఉన్నట్టుండి ప్లాస్టిక్ బొమ్మైపోతుంది.

బాగా వాయించడం కంటే సరిగ్గా ఉండాల్సినంత చెడ్డగా వాయించడం కష్టం. ఈ సంగతి పట్టుకున్నది క్యోటో యానిమేషన్. అయానో తకెదా నవలల ఆధారంగా 2015లో మొదలైన 'హిబికే! యూఫోనియం' ఉజి ఊళ్ళో ఒక హైస్కూలు విండ్ బ్యాండు, అంటే ముఖ్యంగా ఊదే వాయిద్యాల బ్యాండు, కథ. దాని సంగీతానికి సెన్‌జొకు సంగీత కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థుల బృందాన్ని తీసుకున్నారు. ఆరితేరినవాళ్ళు వాయిస్తే హైస్కూలు పిల్లల బ్యాండులా వినిపించదు కదా.

ఈ కథలో 'రాసినట్టు వాయించాలా వద్దా' అన్న గొడవే లేదు. 55 మంది కలిసి 12 నిమిషాల్లో వాయించాలి. ఒకరు తన మనసు చెప్పినట్టు వాయిస్తే మిగతా 54 మంది మునుగుతారు. అందుకని గొడవ ఇంకో చోటికి మారుతుంది: ఎవరికి ఏ భాగం, ఎవరు వేదిక ఎక్కుతారు, సీనియర్‌ని కాదని జూనియర్‌కి సోలో ఇవ్వొచ్చా. 2024లో వచ్చిన మూడో భాగం చివర్లో సోలో కోసం తెర చాటున ఆడిషన్ పెడతారు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాల్లో మొహమాటం, పక్షపాతం రాకుండా వాడే పద్ధతే ఇది. హైస్కూలు మూడేళ్ళూ మనం వెంట నడిచిన కథానాయిక కుమికో ఓడిపోతుంది. ఆఖరి ఓటు ఆమె ప్రాణస్నేహితురాలిది. తెర వెనక ఎవరున్నారో చెవితో పసిగట్టి కూడా ఆ అమ్మాయి రెండోవాళ్ళకే వేస్తుంది. మూల నవలలో కుమికోనే గెలుస్తుంది, యానిమే మార్చింది. అభిమానులు బాగా కొట్టుకున్నారు గానీ మార్పు సరైనదే. వినేవాడి మొహమే తీర్పు అనే అలవాటుని ఆ తెర అడ్డంగా కోసేసింది.

వీటన్నిటికంటే ముందు, పోటీ అన్న మాటే లేకుండా, ఇసావో తకాహతా 1982లో 'సెరో హికి నో గోషు' (చెల్లో వాయించే గోషు) సినిమా తీశాడు. కెంజి మియజావా 1933లో చనిపోయాక మరుసటి ఏడాది అచ్చయిన కథ దీనికి మూలం. మియజావా స్వయంగా చెల్లో నేర్చుకోవడానికి తంటాలు పడినవాడు. చిన్న ఊరి ఆర్కెస్ట్రాలో అందరికంటే అధ్వాన్నంగా వాయించే గోషుని కండక్టర్ అందరి ముందూ తిడతాడు. రాత్రుళ్ళు ఇంట్లో సాధన చేస్తుంటే జంతువులు వస్తాయి. పిల్లి షూమన్ వాయించమంటుంది, గోషు ఒళ్ళుమండి 'భారతదేశంలో పులివేట' అనే రచన వాయించి దాన్ని హడలగొడతాడు. కోకిల స్వరస్థానాలు నేర్పమని వచ్చి, తనదే సరైనదేమో అన్న అనుమానం వాడిలో పుట్టించి పోతుంది. తనుకి (నక్కలాంటి జపాన్ అడవి జంతువు) పిల్ల డోలు వాయిస్తూ రెండో తీగ ఎప్పుడూ ఆలస్యంగా పలుకుతోందేమని అమాయకంగా అడుగుతుంది. ఆరు రోజుల తర్వాత జరిగే కచేరీలో అందరూ ఆశ్చర్యపోతారు, అందరికంటే ఎక్కువ గోషు. శ్రుతి, లయ, ఎదుటివాడి కోసం వాయించడం, ఇవన్నీ ఇందులో వినేవాళ్ళ దగ్గర్నుంచే నేర్చుకుంటాడు. బొమ్మలు గీసినవాళ్ళలో ఒకరు చెల్లో నేర్చుకున్నారు కాబట్టి వేళ్ళు నిజంగా తీగ మీద ఉండాల్సిన చోటే పడతాయి. నలభై ఏళ్ళ తర్వాత కూడా దీన్ని కొట్టిన చెల్లో యానిమేషన్ కనపడదు.

కోతో అనే జపాన్ తీగల వాయిద్యం గురించిన మాంగా 'కోనో ఓతో తొమారె!' 2012లో మొదలైంది. రచయిత్రి అమ్యూ కోతో వాయించే ఇంట్లో పుట్టింది, కథలోని రచనలు కొన్ని ఆ ఇంట్లోవాళ్ళే స్వరపరిచారు. విచిత్రమేమంటే, తమ దేశపు వాయిద్యం గురించిన ఈ కథలో ప్రతిదీ మొదట్నుంచి వివరించాలి: ఎన్ని తీగలు, గోళ్ళకి ఏం తొడుగుతారు, ఎలా కూర్చుంటారు. పియానో కథల్లో ఈ వివరణలు అక్కర్లేదు. జపాన్ మిడిల్ స్కూళ్ళలో దేశీ వాయిద్యాన్ని తప్పనిసరిగా ముట్టించాలన్న నియమం అమల్లోకి వచ్చిందే 2002లో.

ఈ కథలన్నిటిలో దాదాపుగా కనపడనిది ఉద్యోగం. సంగీత కళాశాలల నుంచి బయటికొచ్చేవాళ్ళలో చాలామంది పెళ్ళిళ్ళల్లో వాయిస్తూ, పిల్లలకి క్లాసులు చెప్పుకుంటూ బతుకుతారు. అకిరా సాసో 'మాయెస్త్రో!'లో ఆర్థికమాంద్యం దెబ్బకి మూతపడిన ఆర్కెస్ట్రా సభ్యులు మళ్ళీ పోగవుతారు, అద్దెల గురించి, అప్పుల గురించి మాట్లాడుకుంటారు. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాంగా పత్రికల పాఠకులు ఎక్కువగా చదువుకునే వయసువాళ్ళు కాబట్టి కథలు కూడా పోటీ దగ్గరో, మొదటి కచేరీ దగ్గరో ఆగిపోతాయి. నొడామే ఒక్కతే ఆ గీత దాటి కొంచెం ముందుకి నడిచింది. అది పెద్ద ఆడవాళ్ళు చదివే పత్రికలో వచ్చిన మాంగా.